పెంచి చెప్పిన రెండేళ్లు

హిందూపురం,
12 ఫిబ్రవరి 2025.

చిరంజీవి యశోదకు,

ఇక్కడ అందరూ క్షేమం అని మొదలుపెట్టడం మన నాయనకు అలవాటు. ఆయన ఆ మాట రాసిన ప్రతిసారీ ఇంట్లో ఎవరో ఒకరు జ్వరంతో పడుకుని ఉండేవారు. నేను ఆ అబద్ధం రాయను. నా చెవులు ఇంకా పడిపోయాయి. మొన్న నువ్వు ఫోను చేస్తే మీ వదిన ఆదెమ్మ దాన్ని నా చెవికి ఆనించింది. గాలి తప్ప నాకేమీ వినిపించలేదు. తరువాత ఆమె అరిచి చెప్పింది, జూన్ ముప్పైన నీకు రిటైర్‌మెంటు అని, ఆఫీసువాళ్లు పెన్షన్ కాగితాలు సిద్ధం చేసుకోమన్నారని. ఆ రోజు నుంచి నాకు తిండి సయించడం లేదు.

నన్ను ఎట్లా సాగనంపారో నీకు తెలుసు. కళాశాల లైబ్రరీలో ముప్పై రెండేళ్లు పనిచేశాను. యాభై ఎనిమిది నిండాయని 2014 మే 31న దండ వేసి, శాలువా కప్పి, గేటు దాకా వచ్చారు. ఆ దండ వాడిందో లేదో, ప్రభుత్వం వయసును అరవైకి పెంచింది. నా కింద పనిచేసిన రామాంజి సర్టిఫికెట్ ప్రకారం నాకంటే పన్నెండు రోజులు చిన్న. వాడు నా కుర్చీలో రెండేళ్లు కూర్చున్నాడు. కూర్చుని ఏం వెలగబెట్టాడు? వేరుశనగ తెగుళ్ల పుస్తకాన్ని కావ్యాల బీరువాలో పెట్టాడు. ఎవరో అడిగితే, ‘రెండూ ఎవురూ చదవరు గదప్పా’ అన్నాడట. తరువాత ఆ అరవైని కూడా అరవై రెండు చేశారు. ఇంకా ఎంతకు పెంచుతారో పెంచనీ. నాకు ఒరిగేది లేదు.

నా సంగతి వదిలేయి. నీకు జరగబోయే అన్యాయానికి మాత్రం ప్రభుత్వాన్ని తిట్టలేను. దానికి కారణం నేను. యాభై ఆరేళ్లుగా నీకు చెప్పలేదు.

1969 జూన్ నెల. అగళి పక్కన మన ఊరు. అమ్మ కలుపు పనికి పోయేది. నిన్ను చూసుకోవడానికి నేను బడి మానాలన్నారు. నాకు పదమూడేళ్లు, ఏడో తరగతిలోకి వచ్చాను. నీకు నాలుగు కూడా నిండలేదు. నిన్ను బడిలో వేస్తే నా చదువు దక్కుతుంది, మధ్యాహ్నం నీకు గోధుమరవ్వ ఉప్మా దొరుకుతుంది. అప్పట్లో పుట్టిన తేదీ కాగితం ఎవరు అడిగారు? కుడిచెయ్యి తల మీదుగా వేసి ఎడమచెవిని అందుకుంటే బడి ఈడు వచ్చినట్టు. నీకు అందేది కాదు. వారం రోజులు పశువుల కొట్టంలో నీకు నేర్పాను. తల కొంచెం వంచు, భుజం పైకెత్తు, అయ్యవారు చూస్తున్నంతసేపూ నవ్వుతూ ఉండు అని. ఆ రోజు నువ్వు అందుకున్నావు.

అయ్యవారు వయసెంత అన్నాడు. ఐదు అంటే సరిపోయేది. కాని నేను సంతల్లో బేరాలు చూస్తూ పెరిగినవాణ్ణి. ఆయన ఒకటి తగ్గిస్తాడు కాబట్టి ఒకటి పెంచి చెప్పాలనుకుని, ఆరు అన్నాను. ఆయన కన్నడం మనిషి, బేరం ఎరుగడు. ‘ఆయ్తు’, అంటే సరేనని, 1-7-1963 అని రాసుకున్నాడు. నువ్వు పుట్టింది 1965 శ్రావణంలో.

ఆ తేదీయే నీ సర్వీసు పుస్తకంలోకి ఎక్కింది. నా ఏడో తరగతి కోసం నీ ఉద్యోగంలో రెండేళ్లు మింగాను. ఇప్పుడు కక్కుతాను. అగళికి పోయి పాత జనన రిజిస్టరు నకలు తెస్తాను. నువ్వు ఏమీ చేయనక్కరలేదు.

నీ అన్న,
అంజనప్ప.


ధర్మవరం,
21 ఫిబ్రవరి 2025.

అన్నకు, వదినకు యశోద నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. మా ఆయనకు చదివి వినిపించాను. మగ్గం ఆపి విన్నాడు. వేరుశనగ పుస్తకం దగ్గర నవ్వి నవ్వి ఒక పోగు తెంపుకున్నాడు.

నువ్వు ఈ ఎండలో అగళి దాకా పోవద్దు. బడిలో చేర్చిన సంగతి నాకు గుర్తే లేదు. పోయినదాని మీద బాధ కూడా లేదు.

రిటైర్‌మెంటు దగ్గరికి వచ్చేకొద్దీ పని ఎక్కువైంది. చెన్నేకొత్తపల్లి పల్లెల్లో టీకాలు వేసేది ఒక గంట, వేసినట్టు ఫోనులో ఎక్కించేది మూడు గంటలు. ఇప్పుడు హాజరుకు సంతకం కూడా లేదు. పొద్దున్నే ఫోనుకు మొహం చూపించాలి. మొన్న ఎండకు కొంగు కప్పుకుంటే అది నన్ను గుర్తు పట్టలేదు. నలభై మూడేళ్లుగా ఈ పల్లెల్లో కుక్కలు కూడా నన్ను గుర్తు పడతాయి.

మా ఆయన రోజూ ‘ఇంకా ఎన్నాళ్లుండాది?’ అని అడుగుతాడు. కేలండరు మీద గీతలు కొడుతున్నాడు. ఆయనకు చూపు తగ్గింది. నాలుగు గంటల కంటే మగ్గంలో కూర్చోలేడు. సాయంత్రాలు నేను వేరే పని ఒకటి పెట్టుకున్నాను. అదేమిటో ఇప్పుడు రాయను.

నీ మాట నేనెప్పుడూ కాదన్నది లేదు. కాని తొందరపడొద్దన్నా.

యశోద.


హిందూపురం,
19 మార్చి 2025.

చిరంజీవి యశోదకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వు రాసింది తక్కువ, మింగింది ఎక్కువ. ముప్పై రెండేళ్లు పుస్తకాల మధ్య బతికినవాడికి ఆ మాత్రం తెలియదా? మీ ఆయన జయరాముడు గీతలు కొడుతున్నాడంటే ఎదురుచూస్తున్నది నీ కోసం కాదు, జూలైలో నీ చేతికి వచ్చే మొత్తం కోసం. సాయంత్రం వేరే పని అంటే నిన్ను కూడా మగ్గం పనిలో దింపాడని అర్థమైంది. చేనేతవాళ్లకు ప్రభుత్వం యాభై ఏళ్లకే పెన్షన్ ఇస్తుంది. పన్నెండేళ్లుగా అది తీసుకుంటున్న మనిషి, భార్య ఎప్పుడు పని మానుతుందా అని గోడకేసి చూస్తున్నాడు. పెళ్లిచూపుల రోజే నాయనకు చెప్పాను, ఈ అబ్బాయి మరీ ఎక్కువ నవ్వుతాడని. నా మాట ఎవరు విన్నారు?

అగళికి పోయి వచ్చాను. మడకశిర దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకొకటి. ఆఫీసులో నాగజ్యోతి అనే అమ్మాయి ముక్కుకు చున్నీ కట్టుకుని మూడు గంటలు పాత కట్టల్లో వెతికింది. ‘తాతా, పేరు లేదు. తిమ్మప్పకు ఆడశిశువు అని మాత్రం ఉండాది’ అంది. పేరు లేకపోతేనేం, ఆ ఏడు ఆ ఊళ్లో ఇంకో తిమ్మప్ప లేడు. 1965 ఆగస్టు 9. ఆ కాగితం చేతికి రాగానే కాళ్లలో సత్తువ వచ్చింది. ఈ కాలంలోనూ అడిగిన పని చేసిపెట్టేవాళ్లు ఉన్నారని ఒప్పుకుంటున్నాను.

పెనుకొండలోని మీ ఆఫీసుకు అర్జీ రాశాను. మూడు పేజీలు. మొదటి పేజీలో నీ పుట్టుక, రెండో పేజీలో చెవి సంగతి, మూడో పేజీలో రిటైర్‌మెంటు వయసు గురించి నా అభిప్రాయాలు. అది అనవసరమని మీ వదిన అంది. మంచి వాక్యాలు అనవసరం ఎట్లా అవుతాయి? చివర సంతకం నీది, పెట్టింది నేను. నీ ప్రోగ్రెస్ కార్డుల మీద పదేళ్లు నాయన సంతకం పెట్టినవాణ్ణి, నీ సంతకం నాకొక లెక్కా? రిజిస్టరు పోస్టులో పంపాను. రసీదు నా దగ్గర భద్రంగా ఉంది.

‘ఆ పిల్లను అడిగితివా?’ అంది మీ వదిన. అడిగేదేముంది? ఉద్యోగంలో రెండేళ్లు ఎవరికి చేదు?

అన్న,
అంజనప్ప.


ధర్మవరం,
4 ఏప్రిల్ 2025.

అన్నకు,

కోపంతో రాస్తున్నాను. నీ మీద కోపంతో రాయడం ఇదే మొదలు కాబట్టి అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకుని చదువుకో.

మంగళవారం నేను పల్లెలో ఉన్నప్పుడు పెనుకొండ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. మా పెన్షన్ కాగితాలు చూసే సీనియర్ అసిస్టెంటు, చంద్ర అని, మంచి మనిషి. ఆయన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

‘అమ్మా, ఈ అర్జీ మీరే రాసినారా? ఇది ఇంకా రిజిస్టరులో ఎక్కించలేదు. ఎక్కిస్తే నా చేతిలో ఏముండదు. మీరు అరవై ఐదులో పుట్టింటే, ఎనభై రెండు ఫిబ్రవరిలో ఉద్యోగంలో చేరేనాటికి మీకు పదిహేడు గూడ నిండలే. పద్దెనిమిది లేకుండా ఎట్ల చేరినావని అడుగుతారు. రెండేండ్ల కోసరం చూస్తే నలభై మూడేండ్ల సర్వీసుకే ఎసరొస్తాదమ్మా.’

సంతకం కూడా సర్వీసు పుస్తకంలో ఉన్నట్టు లేదన్నాడు. అది నాది కాదంటే నువ్వు దొంగవి. నాదే అంటే నేను దొంగని. మళ్లీ చెప్తానని ఫోను పెట్టేసి, టీకాల డబ్బా పక్కన పెట్టుకుని రోడ్డు మీదే కూర్చున్నాను. ఎవరో నీళ్లు తెచ్చిచ్చారు. నలభై మూడేళ్లలో ఆ పల్లెలో నేను ఇతరులకు మాత్రలిచ్చానే గాని, నాకు నీళ్లిచ్చే అవసరం ఎవరికీ రాలేదు. ఏప్రిల్ పదో తేదీ దాకా ఆగుతానన్నాడు చంద్ర. ఆ లోపల అర్జీ వెనక్కి తీసుకోవాలి.

ఇక నేను దాచిన సంగతి. సాయంత్రం పని మగ్గం కాదు, కోలాటం. మా వీధి ఆడవాళ్లు ఇరవై నలుగురం. భవాని అని ఇరవై రెండేళ్ల పిల్ల మాకు నేర్పుతుంది. అడుగు తప్పితే నన్ను కూడా ‘ఏమ్మా, నిద్రపోతాండావా?’ అంటుంది. ఏడాదిగా పోతున్నా ఒక్క పాట కూడా చివరి దాకా ఆడలేదు. సగంలో ఫోను మోగుతుంది. ప్రసవం కేసో, జ్వరాల లెక్కో. నేను వచ్చేస్తే నా జోడీ కర్రలు పట్టుకుని ఎవరికి కొట్టాలో తెలియక నిలబడుతుంది. నువ్వు నవ్వుతావని రాయలేదు. నా మోకాళ్లు ఇప్పుడు బాగున్నాయి. 2027లో కూడా బాగుంటాయని నువ్వు ఇంకో అర్జీ రాసి పుట్టించగలవా?

మా ఆయన గీతలు ఎందుకు కొడుతున్నాడో కూడా విను. ఆయన కంటి నరం ఎండిపోతోంది. మందులు వేసుకున్నా ఉన్న చూపు నిలబడుతుందన్న నమ్మకం లేదన్నారు డాక్టరు. ‘నాకు కండ్లున్నప్పుడే నువ్వు నిండుగా ఒక పాట ఆడేది చూడల్ల’ అన్నాడు. దానికోసం కొడుతున్నాడు గీతలు. నీ ఉత్తరం అలవాటు కొద్దీ పైకి చదివేశాను. అంతా విని ‘మీ అన్న బాగా చదువుకున్న మనిషిలే’ అన్నాడు. ఆ రోజు అన్నం సగమే తిన్నాడు.

బడి సంగతి గుర్తు లేదని రాసింది అబద్ధం. ఆ కొట్టం, నువ్వు నా తల పట్టుకుని వంచింది, అన్నీ గుర్తున్నాయి. నువ్వు మింగావన్న మాట మళ్లీ రాయొద్దు. మన ఊళ్లో నా ఈడు ఆడపిల్లలు ఐదో తరగతి దాటి చదివినవాళ్లు ఎవరున్నారు? పన్నెండో ఏట అందరినీ ఇంట్లో నిలిపేశారు. నన్ను నిలపాలని నాయనకు తోచేసరికి నేను తొమ్మిదిలో ఉన్నాను, ఇంకొక్క ఏడే కదా అని వదిలేశాడు. పద్నాలుగేళ్లకే పది పాసయ్యాను. నువ్వు ఆరు అన్నందుకే నేను నర్సమ్మనైనాను. ఇప్పుడు మోకాళ్లు ఉండగానే ఇంటికి పోతున్నది కూడా నువ్వు ఆరు అన్నందుకే.

నాకు నీ రెండేళ్లు వద్దు. పెనుకొండకు నువ్వే పో. నీ చేత్తో పంపినదాన్ని నీ చేత్తోనే తెచ్చుకో.

యశోద.


హిందూపురం,
11 ఏప్రిల్ 2025.

యశోదా,

పని అయిపోయింది. ముందు ఆ మాట రాసేస్తున్నాను, మిగతాది తీరిగ్గా చదువుకో. అర్జీ మూడు పేజీలూ, జనన రిజిస్టరు నకలుతో సహా నా బల్ల మీద ఉన్నాయి. నీ పేరున వేరే కాగితమేదీ ఆ ఆఫీసులో లేదు. నీ పెన్షన్ ప్రతిపాదన మొన్ననే పైకి పోయింది. ఆ కవరు నా కళ్లముందే అంటించారు.

నీ ఉత్తరం ఎనిమిదిన అందింది. తొమ్మిదిన పొద్దున ప్యాసింజరుకు పెనుకొండలో దిగాను. చంద్ర నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. ఈ రోజుల్లో నన్ను చూసి లేచేవాళ్లు బస్సులో కూడా లేరు కాబట్టి అనుమానం వచ్చింది. నాకు వినపడదని తెలిసి గట్టిగా మాట్లాడాడు. అందువల్ల నా నేరం ఆఫీసంతా విన్నది. ప్యూను కూడా తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

‘సార్, నేను మీ కాలేజీలో చదివినా. లైబ్రరీ పుస్తకంలో పేజీ చించినానని నా కార్డు నా ముందరే చించేస్తిరి.’

నాకు గుర్తు లేదు. కాని చించే ఉంటాను.

‘ఆ పేజీ చించింది నేను గాదు సార్.’

ముప్పై రెండేళ్లలో ఎంతమంది కార్డులు చించానో లెక్క లేదు. వాళ్లలో ఎంతమంది ఎన్నడూ చించనివాళ్లో అసలే తెలియదు. క్షమించు నాయనా అన్నాను. ఆ మాట ఎంత గట్టిగా అన్నానో చెవిటివాణ్ణి, నాకు తెలియదు. టైపు చేస్తున్న అమ్మాయి ఆపి చూసింది.

విషయం ఏమిటంటే, అర్జీ విప్పగానే అతను నా చేతిరాత గుర్తు పట్టాడట. లైబ్రరీ గోడల నిండా నేను రాసి అంటించిన హెచ్చరికలు మూడేళ్లు చదివినవాడు. అందుకే రిజిస్టరులో ఎక్కించకుండా సొరుగులో పెట్టి నీకు ఫోను చేశాడు. నా మీద పగ తీర్చుకోవాలంటే అర్జీకి ఒక్క రిజిస్టరు నంబరు వేస్తే చాలు. వేయలేదు. ఆ చోట నేనుంటే వేసేవాణ్ణేమో అనుకుంటే తల వంగిపోయింది. అర్జీ నా చెల్లెలిది కాదు, సంతకం నాది, వెనక్కి ఇప్పించండి అని రాసిచ్చాను. ఆ కాగితం కూడా నాకే తిరిగి ఇచ్చేసి ‘దీన్ని గూడ చించేయండి సార్, మీకు అలవాటే గదా’ అన్నాడు. అందరూ నవ్వారు. ఎందుకో నేనూ నవ్వాను.

టీ తెప్పించాడు. మర్యాదగా వచ్చేయవలసింది. రాలేదు. 2014 మే ముప్పై ఒకటి గురించి చెప్పాను. రామాంజి గురించి చెప్పాను. అరగంట పట్టింది. అంతా విని, అతను నా చెవి దగ్గరికి వంగి అన్నాడు.

‘సార్, మీరు దిగి పదకొండేండ్లాయ. ఆ రెండేండ్ల గురించే చెప్తాండారు. ఈ పదకొండు ఏమైనాయి?’

అతను వెటకారానికి అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

ఇంకొక సంగతి. ఇది నీకు ఎన్నడూ రాయలేదు. రామాంజి ఆ రెండేళ్లూ నా కుర్చీలో కూర్చుని దిగాడు కదా, దిగిన ఏడో నెలలో పోయాడు. నేను పోయి చూసి వచ్చాను. అతని కూతురు, నాయన రిటైరైనాక వీణ నేర్చుకోవాలని కొని పెట్టుకున్నాడని గుడ్డ కప్పి ఉన్న దాన్ని చూపించింది. ఇంటికి వచ్చి కూడా అతన్ని తిట్టడం ఆపలేదు. చచ్చిపోయాడని ఒప్పుకుంటే నాకు తిట్టుకునేందుకు ఇంకెవరు ఉన్నారు? ఆ రెండేళ్లు నాకే దక్కి ఉంటే ఏం చేసి ఉండేవాణ్ణని రైల్లో ఆలోచించాను. ఇంకో వంద కార్డులు చించి ఉండేవాణ్ణి. మీ వదినను అడిగితే, ‘ఇచ్చింటే బాగుండు, నాకైనా రెండేండ్లు ఇంట్లో నెమ్మదిగా ఉండేది’ అంది.

జయరాముడికి వేరే కాగితం పెట్టాను. దాన్ని నువ్వు చదవొద్దు. పక్కింటివాళ్లతో చదివించుకోమను. నీ గొంతుతో నా క్షమాపణ వినడం ఆయనకు బాగుండదు, నాకూ బాగుండదు.

కోలాటం గురించి నాకు గొప్ప అభిప్రాయమేమీ లేదు. గుండ్రంగా తిరిగి మొదలుపెట్టినచోటికే వస్తారు. ఆ పని నేను ఆఫీసులోనే చేశాను. అయినా ఆడు. చివరి దాకా ఆడు.

తిరుగు ప్రయాణంలో కిటికీ పక్కన చోటు దొరికింది. చాలా ఏళ్ల తరువాత కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే నిద్రపోయాను. కళ్లు తెరిస్తే హిందూపురం దాటిపోయి, బోర్డు మీద కన్నడం ఉంది. గౌరిబిదనూరు. దిగి, ఒక దోసె తిని, ఎదురు రైలు కోసం రెండు గంటలు కూర్చున్నాను. కోపం రాలేదు.

అన్న.


ధర్మవరం,
9 జూలై 2025.

అన్నకు, వదినకు నమస్కారాలు.

పెన్షన్ ఆర్డరు వచ్చింది. జూన్ ముప్పైన దండలు వేశారు. అందరూ ఏదో ఒకటి మాట్లాడమంటే, పల్లెల్లో ఎవరింటి కుక్క కరుస్తుందో కొత్తగా వచ్చే పిల్లకు రాసిపెట్టానని చెప్పి కూర్చున్నాను.

నీ కాగితం మా ఆయన పక్కింటి రూతమ్మతో చదివించుకున్నాడు. ఏం రాశావో నాకు చెప్పలేదు. రూతమ్మను అడిగితే ఆమె కూడా చెప్పలేదు, కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఆయన మాత్రం, శ్రావణంలో మీ అన్నను పిలిపించు, పది రోజులుండి పోతాడు అన్నాడు. వదినను తీసుకుని రా.

ఆదివారం మా కోలాటం జట్టు పెనుకొండలో ఆడింది. మొదటి వరుసలో, దీపాలకు దగ్గరగా, భవాని మా ఆయనకు కుర్చీ వేయించింది. మూడు పాటలు ఆడాం. మూడూ చివరి దాకా ఆడాను. రెండో పాటలో ఒక అడుగు తప్పాను. దిగి వచ్చాక ‘ఎట్లుండె?’ అంటే, ‘రెండో పాటలో తప్పితివే’ అన్నాడు. అంత బాగా కనిపించింది ఆయనకు. అంతకంటే ఎవరూ మెచ్చుకోనక్కరలేదు నన్ను.

నిన్న మధ్యాహ్నం మా డాక్టరు సారు ఫోను చేశారు. నా చోటుకు ఇంకా మనిషి రాలేదట. ఒక ఏడాది కాంట్రాక్టు మీద రమ్మన్నారు. ఇదివరకు ఆ గొంతు వింటే చేతిలో ముద్ద కింద పెట్టి లేచేదాన్ని. నిన్న ముద్ద తిని, మింగి, అప్పుడు మాట్లాడాను. రాలేను సార్ అన్నాను. ఆయన మంచిగానే, ‘ఇంట్లో ఊరికే కూచోని ఏం చేస్తావమ్మా?’ అన్నారు.

‘ఊరికే ఉంటా సార్’ అన్నాను.

లోపల మగ్గం ఆగింది. మా ఆయన వినడానికి ఆపాడు. నేను ఫోను పక్కన పెట్టి, పళ్లెంలో ఇంకొంచెం వేడన్నం వడ్డించుకున్నాను.

ఇట్లు,
ఊరికే ఉన్న నీ చెల్లెలు,
యశోద.